డబ్బా మీద 1200 అని చూసి రూటర్ కొంటున్నారా? ముందుగా దాని వెనక ఉన్న పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) చూడండి

కొత్త రూటర్ కొనబోయేవాళ్లు, ఇంట్లో లాన్ కేబుల్ వేయిద్దామనుకుంటున్నవాళ్లు కాసేపు ఆగి ఇది చదవండి. ఒకే పని కోసం నేను రూటర్ రెండుసార్లు కొన్నాను, కేబుల్ కూడా రెండుసార్లు వేయించాను. అన్నిటికీ కారణం పైన అచ్చేసిన అంకెను నమ్మడమే.

నా అవసరం చిన్నది. ల్యాప్‌టాప్‌లోని ఫోటోలు, వీడియోలు సుమారు 50 జీబీ, పక్క గదిలో కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. రూటర్ డబ్బా మీద ఏసీ1200 అని పెద్ద అక్షరాలతో ఉంది (ఏసీ అనేది వైఫైలో ఒక తరం పేరు). 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 1200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అంటే సెకనుకు 150 ఎంబీ (మెగాబైట్లు), అంటే ఆరు నిమిషాల పని అని లెక్క వేసుకున్నాను. దాదాపు గంట పట్టింది.

తర్వాత తెలిసింది, ఆ 1200 ఒక వేగం కాదట. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి) 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కూడి, వచ్చినదాన్ని పైకి సర్ది రాస్తారు. ల్యాప్‌టాప్ ఒకసారికి ఒక బ్యాండే పట్టుకుంటుంది. ఆ 867 కూడా రూటర్ పక్కనే కూర్చుంటే కనిపించే లింకు వేగం, అంటే రెండు పరికరాలూ తమలో తాము కుదుర్చుకునే వేగం. నిజంగా ఫైలు కదిలే వేగం అందులో సగమో, కాస్త ఎక్కువో. మధ్యలో గోడ ఉంటే అదీ తగ్గుతుంది. పైగా నా రెండు మెషీన్లూ వైఫై మీదే ఉన్నాయి. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి కంప్యూటర్‌కి ఇంకోసారి, ఒకే ఛానెల్లో అదే డేటా రెండుసార్లు వెళ్లాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆగాల్సిందే. చివరికి నాకు దక్కింది సెకనుకు 15 ఎంబీ.

సరే, వైరు వేస్తే ఈ గొడవ ఉండదు కదా అని క్యాట్6 (లాన్ కేబుల్లో ఒక రకం) అని రాసి ఉన్న కేబుల్ కొని, గోడలో పైపు గుండా లాగించాను. ల్యాప్‌టాప్‌ని కూడా వైరుతోనే రూటర్‌కి తగిలించి మళ్లీ కాపీ పెట్టాను. సెకనుకు 11 ఎంబీ! వైఫై కంటే తక్కువ. కంప్యూటర్ పాడైందేమోనని ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

తప్పు రూటర్ వెనక ఉంది. పోర్టులన్నీ 10/100వి. అంటే 100 ఎంబీపీఎస్ దాటవు, చేతికి వచ్చేది 94 దాకా, అంటే సెకనుకు 11 ఎంబీ చిల్లర. డబ్బా మీద 1200 రాసిన కంపెనీ ఈ సంగతిని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది. అమ్మినవాణ్ణి అడిగితే, 'అబద్ధం ఏమీ రాయలేదు కదండీ' అన్నాడు. నిజమే, అబద్ధం లేదు. వాపసు గడువు మాత్రం దాటిపోయింది. ఇంకో సంగతి గమనించండి. ఇంటర్నెట్ లోపలికి వచ్చే పోర్టు కూడా 100దే అయితే మీరు 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు కట్టినా ఇంట్లో ఎవరికీ 94 దాటి రాదు. వైఫై ఎంత గొప్పదైనా అంతే.

గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టుల రూటర్ కొన్నాను. అయినా అదే 11 ఎంబీ. ఈసారి తప్పు కేబుల్‌ది. 100 ఎంబీపీఎస్‌కి లోపలి ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్కటి తెగినా మామూలుగా లింకు చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి మనకు అనుమానం కూడా రాదు. ప్లగ్ కోసి చూస్తే ఒక తీగ లోపల విరిగి ఉంది. చాకుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం! అలాంటి కేబుల్‌కి క్యాట్6 అని రాసుకునే అర్హతే లేదు. ఆ తీగ పెళుసు, నాలుగుసార్లు వంచితే విరిగిపోతుంది.

కొనేటప్పుడు పూర్తి రాగి అని రాసి ఉందో లేదో చూడండి, ఒక చివర గీకి చూడండి. రాగి అయితే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది, చేతికి బరువుగా తగులుతుంది. ఇంటికి క్యాట్5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది. క్యాట్7, క్యాట్8 అని అంటగడితే తల ఊపకండి. గోడలోకి లాగే ముందు కేబుల్ రెండు చివర్లూ తగిలించి, కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 అని చూపిస్తోందో లేదో చూసుకోండి. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే గోడ జోలికి రెండోసారి వెళ్లాల్సిన పనే లేదు.

ఇదంతా చదివి ఇల్లంతా వైర్లు పరచకండి. ఫోన్లకి, టాబ్లెట్లకి వైఫై చాలు. 4కే వీడియోకి కూడా 25 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. చాలా టీవీల్లో లాన్ పోర్టే 100ది, అక్కడ వైరు వల్ల ఆగకుండా ఆడుతుందే తప్ప వేగం పెరగదు. కదలకుండా ఒకచోట ఉండి పెద్ద ఫైళ్లు మోసే కంప్యూటర్‌కి మాత్రం వైరే.

ఇక నా గోడ సంగతి: పాత కేబుల్ చివరికి కొత్తది కట్టి లాగాం. రెండో మూల దగ్గర ఇరుక్కుని అరగంట తిప్పలు పెట్టింది. అదే 50 జీబీ ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో అయిపోతోంది.