తొలి స్కీ టూర్‌కు ఏది మేలు: ఓట్ రూటా, సిల్‌వ్రెట్టానా?

మ్యూనిక్‌లోనో జ్యూరిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ కొన్ని సీజన్లు లిఫ్టులున్న వాలుల మీద స్కీయింగ్ చేశాక, చాలామంది మనవాళ్లకు స్కీ టూరింగ్ మీద మనసు పోతుంది. స్కీల అడుగున స్కిన్లు (వెనక్కి జారకుండా ఆపే పట్టీలు) అతికించుకుని మనమే ఎక్కడం, వాటిని పీకేసి మనమే దిగడం. ఎక్కడికి వెళ్దామంటే అందరూ చెప్పేది ఓట్ రూట్. ఫ్రాన్స్‌లోని షమొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా ఆరేడు రోజులు, రాత్రికో హట్ (కొండమీది బస). 1911లోనే స్కీల మీద పూర్తి చేసిన దారి. ఫొటోలు కూడా అంతే గొప్పగా ఉంటాయి మరి.

తొలిసారికి మాత్రం నేను ఆస్ట్రియా, స్విస్ సరిహద్దులోని సిల్‌వ్రెట్టాకే వెళ్లమంటాను. వాతావరణం తిరగబడిన రోజున మనం ఏం చేయగలం అన్నదే నా కారణం.

ఓట్ రూట్‌లో ప్రతి రోజూ మర్నాటి హట్‌కు చేరి తీరాలి. ఒక బస్సు తప్పితే తర్వాతి రిజర్వేషన్లన్నీ పోయే ప్రయాణం లాంటిది అది. 3,030 మీటర్ల ఎత్తులోని వల్సోరే హట్ దగ్గర పొగమంచు కమ్మిందనుకోండి. పైనున్న నిటారు వాలును క్రాంపాన్లతో (బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు) ఎక్కి ముందుకెళ్లాలి, లేదా కింద ఉన్న బూర్-సాన్-పియేర్ ఊరికి దిగి టూర్ అక్కడితో ఆపాలి. డబ్బు కట్టేశాం, సెలవు పెట్టేశాం అన్న టెన్షన్‌లో ముందుకే అడుగు పడుతుంది. చివరి రోజు విన్యెట్ హట్ నుంచి జెర్మాట్‌కు మూడు కనుమలు దాటుతూ దాదాపు 30 కిలోమీటర్లు. మధ్యలో తలదాచుకునే చోట్లు తక్కువ.

2018 ఏప్రిల్ చివర్లో ఆ విన్యెట్ హట్‌కు వస్తున్న 14 మంది తుఫానులో దారి తప్పి రాత్రంతా బయటే ఉండిపోయారు. ఏడుగురు చనిపోయారు. వాళ్లున్న చోటికి హట్ అర కిలోమీటరు దూరంలోనే ఉంది. 2024 మార్చిలో జెర్మాట్ నుంచి అరోలాకు బయల్దేరిన ఆరుగురు టెట్ బ్లాంష్ శిఖరం దగ్గర తుఫానులో చిక్కుకున్నారు, ఐదుగురి మృతదేహాలు దొరికాయి. వాళ్లలో ఎక్కువమంది స్థానికులే.

సిల్‌వ్రెట్టాలో పద్ధతి వేరు. గాల్ట్యూర్ ఊరి నుంచి యామ్‌టాల్ లోయ వెంట సుమారు 600 మీటర్లు ఎక్కితే 2,165 మీటర్ల దగ్గర యామ్‌టాల్ అనే పెద్ద హట్ ఉంటుంది. మూడు నాలుగు రాత్రులు అక్కడే ఉండి, పొద్దున్నే మంచు చరియల ప్రమాదం చెప్పే బులెటిన్ చూసి ఆ రోజు సంగతి ఆ రోజే తేల్చుకోవచ్చు. మంచి రోజైతే 3,156 మీటర్ల హింటెరె యామ్‌స్పిట్సె శిఖరం. గాలి ఎక్కువగా ఉంటే దగ్గరి తక్కువ వాలులు. ఏదీ కుదరకపోతే హట్‌లో కూర్చుని ట్రాన్సీవర్‌తో (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ పట్టే పరికరం) వెతకడం ప్రాక్టీస్ చేయడమే. ధైర్యం వచ్చాక వీస్‌బాడెనర్ హట్‌కు మారి 3,312 మీటర్ల పీజ్ బుయిన్ ప్రయత్నించవచ్చు. అక్కడా హిమానీనదం మీద నడకే, తాడు, హార్నెస్ తప్పవు.

అలాగని సిల్‌వ్రెట్టా చల్లని తల్లేమీ కాదు. 1999 ఫిబ్రవరి 23న మంచు చరియ గాల్ట్యూర్ ఊరి మీదే పడి 31 మంది పోయారు. అదే ఏడాది డిసెంబరులో యామ్‌టాల్ హట్ దగ్గర గైడ్లతో వెళ్తున్న బృందాల్లో తొమ్మిది మంది చనిపోయారు. బులెటిన్‌లోని ఐదు స్థాయిల్లో మూడోది అంటే మధ్యస్థమేలే అనుకోకండి, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ స్థాయిలోనే. అలాంటి రోజున 30 డిగ్రీలు దాటిన వాలుల జోలికి వెళ్లకుండా ఉండటం సిల్‌వ్రెట్టాలో సులువు. ఓట్ రూట్‌లో దారే ఆ వాలుల మీదుగా పోతుంది.

ఖర్చులోనూ ఆస్ట్రియా వైపే కాస్త నయం. ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం ఉంటే పడకకు తగ్గింపు, చాలా క్లబ్బుల్లో రెస్క్యూ బీమా కూడా వస్తాయి. స్విస్ ఎత్తైన హట్లలో చాలావాటిలో కుళాయి నీళ్లుండవు, తాగే నీటి సీసా కూడా కొనుక్కోవాలి. శాకాహారులు రెండు చోట్లా బుకింగ్ అప్పుడే చెప్పాలి. చెప్పినా సూపూ పాస్తానే కాబట్టి సంచిలో కందిపొడి పొట్లం పెట్టుకోండి, బరువేమీ కాదు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు గుల్మార్గ్ సంగతి అడుగుతారు. గొండోలా దాదాపు నాలుగు వేల మీటర్ల దాకా తీసుకెళ్తుంది, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొడి మంచు అద్భుతం. కానీ అక్కడ హట్ నుంచి హట్‌కు వెళ్లే టూర్ లేదు కాబట్టి ఈ పోలికలో దాన్ని పెట్టలేదు.

ఓట్ రూట్ ఎవరికి మేలు? వరసగా నాలుగు రోజులు, రోజుకు 1,200 మీటర్లు ఎక్కినా కాళ్లు నిలబడేవాళ్లకు, గట్టి మంచు మీద నిటారు వాలులో కిక్ టర్న్ (ఒక్కో స్కీని ఎత్తి దిశ మార్చడం) తడబడకుండా చేసేవాళ్లకు. వాళ్లు కూడా గైడ్‌ను పెట్టుకుని ఏప్రిల్‌లో వెళ్లాలి, చేతిలో రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. సిల్‌వ్రెట్టాకైతే మార్చిలో వారం మధ్యలో నాలుగు రోజులు సెలవు పెడితే చాలు. శని, ఆదివారాల్లో హట్ కిక్కిరిసి ఉంటుంది.