చేప మేతలో చేప నూనె మేలా, మొక్కల నూనె మేలా?

మేతలో కలిపిన కొవ్వు చేప ఒంట్లో రెండు పనులు చేస్తుంది. కొంత శక్తిగా ఖర్చవుతుంది. కొంత కణాల పొరల్లో, ముఖ్యంగా మెదడులోనూ కంటిలోనూ, శరీర భాగంగానే నిలిచిపోతుంది. ఈ రెండు పనులనూ విడదీయకుండా మాట్లాడటం వల్లనే ఏ నూనె మేలన్న వాదన తేలడం లేదని నా అభిప్రాయం.

శక్తి మాటకొస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. గ్రాము కొవ్వు సుమారు 9 కిలో క్యాలరీలు ఇస్తే, ప్రోటీన్ దాదాపు 4 మాత్రమే ఇస్తుంది. తోటి చేపలను తిని బతికే జాతులు పిండి పదార్థాలను సరిగా వాడుకోలేవు కాబట్టి, కొవ్వు చాలకపోతే పెరుగుదలకు వెళ్లాల్సిన ప్రోటీన్‌నే ఇంధనంగా కాల్చేసుకుంటాయి. ఆ నష్టాన్ని సోయా నూనె కూడా చక్కగా ఆపుతుంది. పామాయిల్ మాత్రం చల్లని నీటిలోని చేపలకు అంత బాగా అరగదు.

అసలు తేడా శరీర నిర్మాణంలో ఉంది. చేపలకు కావలసిన ఇపిఎ, డిహెచ్‌ఎలు ఒమేగా-3 రకం కొవ్వు ఆమ్లాలు; వాటి కార్బన్ గొలుసులో ఇపిఎకు 20 కార్బన్లు, డిహెచ్‌ఎకు 22 కార్బన్లు ఉంటాయి. అవిసె నూనెలోని ఒమేగా-3 అయిన లినోలెనిక్ ఆమ్లంలో ఉన్నవి 18 మాత్రమే. ట్రౌట్, కార్ప్ వంటి మంచినీటి చేపలు ఆ గొలుసును తామే పొడిగించుకోగలవు గాని, సముద్రపు చేపల్లో చాలావాటికి ఆ సామర్థ్యం నామమాత్రం. డిహెచ్‌ఎ అందని హెర్రింగ్ అనే సముద్రపు చేప పిల్లలు మసక వెలుతురులో ఎరను సరిగా చూడలేవు. వాటి ముందు ఎంత మేత ఉన్నా కనిపించకపోతే ఏం లాభం? నిజానికి డిహెచ్‌ఎ పుట్టుక కూడా చేపలో కాదు, సూక్ష్మ శైవలాల్లో, అంటే నీటిలో పెరిగే కంటికి ఆనని నాచులో. అందుకే ఇప్పుడు శైవలాల నూనెనే నేరుగా మేతలో కలుపుతున్నారు.

చేప ఏ నూనె తిన్నదో దాని నిల్వ కొవ్వును చూస్తే తెలిసిపోతుంది. కాడ్ అనే సముద్రపు చేప తన కొవ్వును కాలేయంలో దాచుకుంటుంది, కండలో 1 శాతం కూడా ఉండదు. కాబట్టి మేత నూనె మారినా దాని ముక్కలో పెద్దగా తేడా రాదు. సాల్మన్ ముక్కను అడ్డంగా కోస్తే కండల మధ్య కనిపించే తెల్లటి గీతల్లో కొవ్వు ఉంటుంది, పొట్ట అంచున మరింత దట్టంగా ఉంటుంది. సోయా నూనెతో పెంచితే అక్కడ ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు ఆమ్లాలు పెరిగి, ఒమేగా-3 తగ్గుతుంది. పట్టడానికి ముందు కొన్ని నెలలు చేప నూనె పెడితే ఆ ఒమేగా-3 చాలావరకు తిరిగి వస్తుంది.

చేప నూనెకూ ఒక లోపం ఉంది: దాని కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు (కార్బన్ల మధ్య ఉండే జంట బంధాలు, ఆక్సిజన్ తేలిగ్గా దాడిచేసే చోట్లు) ఎక్కువ కాబట్టి గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. చెడిన కొవ్వున్న పట్టుపురుగు ప్యూపాలను (గూటిలోని పురుగులను) మేపినప్పుడు, విటమిన్-ఇ చాలక కార్ప్ చేపల వీపు కండలు కృశించిపోయిన ఉదంతం ప్రసిద్ధం. మేత బస్తా విప్పగానే పాత వార్నిష్‌లాంటి ఘాటు వాసన వస్తే, అందులో ఏ నూనె ఉన్నా నేను పక్కన పెట్టమంటాను.

కాబట్టి సముద్రపు చేపపిల్లలకు చేప నూనె గాని శైవలాల నూనె గాని తప్పనిసరి. మంచినీటి చేపలకు అవిసె కలిసిన మొక్కల నూనెలే చాలు. సాల్మన్‌కు ఎదిగే దశలో మొక్కల నూనెల మిశ్రమం, చివర్లో చేప నూనె. అయితే ఏది ఎంచుకున్నా మోతాదు మించితే, పొట్ట చీల్చినప్పుడు పేగులను కప్పేసిన తెల్లని కొవ్వు ముద్దలు కనిపిస్తాయి. మేతకు పెట్టిన ఖర్చులో అంత భాగం పేగులతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది.