చిన్న రికార్డ్ లేబుల్ పెరగాలంటే ఏ దారి మేలు?

చిన్న లేబుల్‌వాళ్లు, అంటే బ్యాండ్ల పాటల్ని రికార్డులుగా వేసి అమ్మే చిన్న కంపెనీలవాళ్లు, వేసిన రికార్డు ఆడకపోతే పోయేది కొంతే. వెయ్యి కాపీలు గదిలో ఉండిపోతాయి, పెట్టిన డబ్బు పోతుంది. ఉన్నట్టుండి హిట్టయినప్పుడే అసలు టెన్షన్. షాపులవాళ్లు ఇంకో పదివేల కాపీలు అడుగుతారు. రికార్డులు అచ్చువేసే ప్రెస్సింగ్ ప్లాంటువాళ్లు డబ్బు ముందే కట్టమంటారు. డిస్ట్రిబ్యూటర్ మాత్రం రెండు మూడు నెలలు గడిస్తే గానీ ఇవ్వడు, పైగా అమ్ముడుపోని కాపీలు తిప్పి పంపేస్తాడు. ఈలోపు ఆఫీసు అద్దె, జీతాలు, బ్యాండ్‌కి రాయల్టీ ఆగవు. అందుకే ఏ లేబుల్ కథ చదివినా నేను మొదట రెండు విషయాలు వెతుకుతాను. ఆ మధ్యకాలాన్ని ఎవరి డబ్బుతో నెట్టుకొచ్చారు? బ్యాండ్‌తో ఏమని మాట్లాడుకున్నారు? అమెరికాలోని డిస్కార్డ్, సబ్ పాప్, మెర్జ్, ఇంగ్లండ్‌లోని ఫ్యాక్టరీ... ఈ నాలుగు లేబుళ్లనూ ఈ రెండు ప్రశ్నల దగ్గరే నిలబెట్టి చూస్తే తేడాలు బాగా తెలుస్తాయి.

డిస్కార్డ్ పుట్టింది 1980లో, వాషింగ్టన్ డీసీలో. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్ విడిపోయేనాటికి షోలలో వచ్చిన డబ్బంతా ఒక డబ్బాలో అలాగే ఉంది. పంచుకుంటే తలా కొంచెం వచ్చేది. అలా కాకుండా తమ పాటలతో ఒక రికార్డు వేద్దామనుకున్నారు. ఇయాన్ మెకే, జెఫ్ నెల్సన్, నేథన్ స్ట్రేచెక్ కలిసి లేబుల్ పెట్టారు. మొదటి రికార్డు వెయ్యి కాపీలు. కవర్ ఎలా చేయాలో తెలియక ఇంగ్లండ్ సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) కవర్ ఒకటి తీసుకుని, అతుకులు ఊడదీసి, బల్లపరుపుగా పరిచి, ఆ కొలతలతో నమూనా గీసుకున్నారు. పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. అన్నీ చేత్తోనే.

వాళ్ల పద్ధతి చెప్పుకోవడానికి సులువు, పాటించడానికి కష్టం. తమ ఊరి చుట్టుపక్కల బ్యాండ్లవే వేస్తారు. కాంట్రాక్టులు ఉండవు. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండ్‌తో పంచుకుంటారు. ఒక రికార్డు మీద వచ్చిన డబ్బుతో తర్వాతిది. మొదట్లో ఆఫీసు కూడా ఆర్లింగ్టన్‌లో తాము ఉంటున్న ఇంట్లోనే. డిమాండ్ పెరిగాక లండన్‌లోని సదరన్ రికార్డ్స్ తయారీ, పంపిణీ చూసుకుంది కాబట్టి ప్లాంటుకి ముందుగా కట్టే భారం తగ్గింది. 1987లో మెకే మొదలుపెట్టిన ఫుగాజీ పెద్ద బ్యాండ్ అయ్యాక కూడా టికెట్ ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టింది, పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లలేదు.

ఈ దారికి ఒక లోటు ఉంది. ఎదగాలనుకున్న బ్యాండ్ వెళ్లిపోతే లేబుల్ చేతిలో ఏమీ మిగలదు. జాబాక్స్ బ్యాండ్ అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీకి, షడర్ టు థింక్ బ్యాండ్ ఎపిక్ కంపెనీకి వెళ్లినప్పుడు డిస్కార్డ్ ఆపలేదు, ఆపే హక్కూ పెట్టుకోలేదు. కానీ అప్పు లేదు, జీతాల భారం తక్కువ. అందువల్ల ఆ దెబ్బ తట్టుకోగలిగింది. మాట మీద నడిచే లేబుల్ అప్పు లేకుండా ఉండి తీరాలని నేను నమ్మడానికి కారణం ఇదే.

సబ్ పాప్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి. బ్రూస్ పావిట్ ఒక చిన్న పత్రికగా మొదలుపెట్టిన పేరు అది. జోనథన్ పోన్‌మన్ తోడయ్యాక 1988 ఏప్రిల్ 1న సియాటిల్‌లో ఆఫీసు తెరిచారు. ఉన్నదానికన్నా పెద్దగా కనిపించడం వాళ్ల వ్యూహం. చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే 1989లో సొంత ఖర్చుతో ఇంగ్లండ్ నుంచి మెలడీ మేకర్ అనే సంగీత పత్రిక విలేకరిని సియాటిల్‌కి రప్పించారు. ఆయన రాసిన కథనంతో ఆ ఊరి పేరు అట్లాంటిక్ సముద్రం అవతల మోగింది.

వాళ్ల ఆలోచనల్లో నాకు బాగా నచ్చింది సింగిల్స్ క్లబ్. చందా ముందే కడితే నెలనెలా ఒక సింగిల్ ఇంటికి వస్తుంది. 1988 నవంబరులో మొదటిది నిర్వాణ అనే బ్యాండ్ ‘లవ్ బజ్’, వెయ్యి కాపీలే. శ్రోతల డబ్బు ముందు వచ్చి, ప్లాంటు బిల్లు తర్వాత వచ్చే ఏర్పాటు ఇది. నేను మొదట చెప్పిన చిక్కుముడికి ఇంతకన్నా మంచి విరుగుడు నాకు కనిపించలేదు.

అయినా ఖర్చు ఆదాయాన్ని దాటిపోయింది. 1991 నాటికి లేబుల్ మూతపడే స్థితికి వచ్చింది. దాన్ని నిలబెట్టింది ఒక కాగితం. ఆ కాగితం కోసం పట్టుబట్టింది లేబుల్ కూడా కాదు, బ్యాండే. నిర్వాణ బేసిస్ట్ క్రిస్ట్ నోవోసెలిచ్ పావిట్ ఇంటికి వెళ్లి మాకు కాంట్రాక్టు కావాలని గొడవపెట్టాక రాసుకున్నారు. 606 డాలర్ల 17 సెంట్లతో రికార్డు చేసిన వాళ్ల ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో వచ్చింది. తర్వాత గెఫెన్ కంపెనీ నిర్వాణను తీసుకున్నప్పుడు, ఆ సంతకాల వల్ల సబ్ పాప్‌కి సుమారు 75 వేల డాలర్లు, రాబోయే రికార్డుల అమ్మకాల మీద 2 శాతం వాటా దక్కాయి. 1991 సెప్టెంబరులో నిర్వాణ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చింది, లక్షల్లో అమ్ముడైంది. దాని కవర్ వెనక సబ్ పాప్ లోగో కూడా ఉంది.

1995లో 49 శాతం వాటా వార్నర్ అనే పెద్ద కంపెనీకి అమ్మారు. మరుసటి ఏడాది పావిట్ బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ గట్టిగా నిలదొక్కుకున్నది 2001లో ది షిన్స్, 2003లో ది పోస్టల్ సర్వీస్ బ్యాండ్ల ఆల్బమ్‌లతో. ఈ కథను విజయంగా చెప్పేవాళ్లు చాలామంది. అది విజయమే, కాదనను. కానీ నిర్వాణ లాంటి బ్యాండ్ దొరకడం మీద ఆధారపడిన దారిని కొత్తవాళ్లకు నేను చూపించలేను.

కాగితం లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో చూడొచ్చు. 1978లో టీవీలో పనిచేసే టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్‌తో కలిసి మొదలుపెట్టిన ఫ్యాక్టరీ కూడా లాభం బ్యాండ్లతో చెరి సగం పంచుకునేది. సంగీతం మీద సర్వహక్కులూ సంగీతకారులవే, కంపెనీకి ఏమీ లేదు అన్నది వాళ్ల సిద్ధాంతం. మనసున్న సిద్ధాంతం, నాకు గౌరవం ఉంది. డిస్కార్డ్‌కీ దీనికీ తేడా ఖర్చులో ఉంది. 1982లో హాసియెండా అనే నైట్‌క్లబ్ తెరిచారు, తమ బ్యాండ్ న్యూ ఆర్డర్ రికార్డుల మీద వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి అందులోకి పోయింది. ఆపైన కొత్త ఆఫీసు భవనం, అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువైన రికార్డింగ్ ఖర్చులు. 1992లో లండన్ రికార్డ్స్ అనే కంపెనీ ఫ్యాక్టరీని కొనడానికి వచ్చినప్పుడు, పాటలు బ్యాండ్లవేనని తేలడంతో అమ్మడానికి ఏమీ లేకపోయింది. ఆ నవంబరులోనే దివాలా.

నన్నడిగితే ఓటు మెర్జ్‌కే. 1989లో నార్త్ కరోలైనాలో సూపర్‌చంక్ బ్యాండ్‌లోని మాక్ మెకాహన్, లారా బలాన్స్ మొదలుపెట్టారు. మొదట్లో క్యాసెట్లు, సెవెన్ ఇంచ్ సింగిల్స్ మాత్రమే. ఇక్కడ గమనించాల్సింది, వాళ్ల సొంత బ్యాండ్ ఆల్బమ్‌లు కూడా మొదట మాటడార్ అనే వేరే లేబుల్‌లో వచ్చాయి. పూర్తి ఆల్బమ్ మోసే శక్తి తమ లేబుల్‌కి ఇంకా లేదని తెలుసు. 1992లో చికాగోలోని టచ్ అండ్ గో అనే లేబుల్‌తో తయారీ, పంపిణీ ఒప్పందం కుదిరాకే ఆల్బమ్‌లలోకి దిగారు. మాటడార్ అట్లాంటిక్‌తో చేతులు కలిపాక, 1994లో ‘ఫూలిష్’ ఆల్బమ్‌తో సూపర్‌చంక్ సొంత గూటికి వచ్చింది.

ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ ఆల్బమ్ ‘ఫ్యూనరల్’ మెర్జ్ నుంచి వచ్చింది 2004లో. అంటే లేబుల్ పెట్టిన పదిహేనేళ్లకు. అప్పటికి స్టాక్ ఎలా తెప్పించాలో, బాకీలు ఎలా వసూలు చేయాలో, ఏ షాపుకి ఎన్ని పంపాలో వాళ్లకు చేతికొచ్చిన విద్య. అందుకే ఆ హిట్ వాళ్లను ముంచలేదు. 2010లో అదే బ్యాండ్ ‘ది సబర్బ్స్’ అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో దిగింది, మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచింది. మెర్జ్ దారిలోనూ ముల్లు ఉంది. 2009లో టచ్ అండ్ గో ఇతర లేబుళ్ల పంపిణీ ఆపేసినప్పుడు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. పంపిణీకి ఒక్కరినే నమ్ముకున్నా, ఆ ఒక్కరూ ఆగిపోయిన రోజుకి కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి.

మన దగ్గర లేబుల్ పెట్టాలనుకునేవాళ్లకి ప్రెస్సింగ్ ప్లాంటు గొడవ ఇప్పుడు పెద్దగా లేదు. పాట ఫోన్లకి చేర్చడం చవకైంది. డబ్బు ఆలస్యంగా రావడం మాత్రం స్ట్రీమింగ్‌లోనూ అలాగే ఉంది, వీడియో ఖర్చు ముందే పెట్టాలి. సింగిల్స్ క్లబ్ లాంటి ముందస్తు చందా ఇక్కడా పెట్టుకోవచ్చు. హక్కుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సినిమా పాటల ఆడియో రైట్స్ ఒకేసారి అమ్మేసే అలవాటు చూసి పెరిగినవాళ్లం, స్నేహితుడి పాట అయితే కాగితం ఎందుకులే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉంటేనే హక్కుల బదిలీ చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే అని భావిస్తారు. 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు తమ రాయల్టీ వాటాను లేబుల్‌కి రాసిచ్చినా చెల్లదు. కాబట్టి ఎన్నేళ్లు, ఏ దేశాలు, ఖర్చుల కింద ఏవేవి తీస్తారు, లెక్క ఎన్ని నెలలకోసారి చూపిస్తారు అన్నవి మొదటి పాట రికార్డింగ్‌కి ముందే తెలుగులో ఒక పేజీ మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకుని, చెరో కాపీ దాచుకోండి.