గట్టా, మలుపా?

నల్లగొండలో పీజీ పిల్లలకు ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) ఫిజిక్స్ చెబుతుంటే ఏటా ఒకే చోట బండి ఆగుతుంది. సౌరగాలిలో, అంటే సూర్యుడి నుంచి వీచే ప్లాస్మాలో, అయస్కాంత క్షేత్రం ఉన్నట్టుండి దిశ మార్చుకునే సరిహద్దును డిస్‌కంటిన్యుటీ అంటాం. అక్కడ ఉన్నది టాంజెన్షియల్ డిస్‌కంటిన్యుటీయా, రొటేషనలా?

మొదటిది మిర్యాలగూడ వైపు వరి మడుల మధ్య గట్టు. ఇటు ప్లాస్మా అటు పోదు, క్షేత్రరేఖలూ దాటవు. సాంద్రత, వేడి రెండు వైపులా ఎంత తేడాగానైనా ఉండొచ్చు. ప్లాస్మా ఒత్తిడి, అయస్కాంత ఒత్తిడి కలిపిన మొత్తం మాత్రం సమానం కావాలి. రెండోది సాగర్ ఎడమ కాలువ మలుపు లాంటిది. ప్లాస్మా దాటిపోతుంది, క్షేత్రం బలం తగ్గకుండా దిశ తిరుగుతుంది. కాకపోతే కాలువ మలుపు కదలదు, ఇది ప్లాస్మాలో అలలా ప్రయాణిస్తుంది.

నిలబడతానా లేదా అన్న బెంగంతా గట్టుకే. రెండు వైపులా వేగాలు వేరైతే గాలికి చెరువు మీద లేచినట్టు కెల్విన్–హెల్మ్‌హోల్ట్జ్ అలలు లేస్తాయి. క్షేత్రరేఖలు బిగించిన తీగల్లా వాటిని అణుస్తాయి. రెండు వైపులా ఒకే సాంద్రత, ప్రవాహం వెంటే ఒకే క్షేత్రం ఉందనుకోండి: వేగాల తేడా ఆల్ఫ్వెన్ వేగానికి (క్షేత్రరేఖల వెంట అల పరుగెత్తే వేగం) రెట్టింపు దాటితేనే అల పెరుగుతుంది. ప్రవాహానికి అడ్డంగా ఉన్న క్షేత్రం మాత్రం ఆదుకోదు. బోర్డు మీద ఈ చివరి ముక్కే పిల్లలు మరిచిపోతారు. ఇక ఎదురెదురు క్షేత్రాల మధ్య పొర బాగా పలచబడితే రీకనెక్షన్ (క్షేత్రరేఖలు తెగి కొత్తగా అతుక్కోవడం) మొదలై గట్టుకు గండి పడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రానికి సౌరగాలి వైపు హద్దయిన మాగ్నెటోపాజ్ దగ్గర అప్పుడు గట్టే మలుపవుతుంది.

ఒక్క నౌక కొలతలతో రెండింటినీ విడదీయడం కష్టం. 2000లో వెళ్లిన నాలుగు క్లస్టర్ అంతరిక్ష నౌకలతో చూస్తే, మలుపులనుకున్న చాలావాటిలో సరిహద్దును దాటే క్షేత్రం లెక్కలోకి రానంత చిన్నది. ఆదిత్య-ఎల్1 డేటా చేతికిస్తే నేను ముందు గట్టనుకునే మొదలుపెడతాను.