థార్ డీజిల్: నాలుగేళ్ల వాడకం, నేను కొనితెచ్చుకున్న ఖర్చు

2021లో కొన్న నా ఫోర్ వీల్ డ్రైవ్ మహీంద్రా థార్ జీపు ఈమధ్యే 62 వేల కిలోమీటర్లు దాటింది. తిరుపతికీ దామలచెరువు దగ్గరి మా మామిడి తోటకూ మధ్య తిరిగినదే ఇందులో ఎక్కువ. ఇసుకలో, బురదలో, బండల మీద కావాలని నడిపింది మూడు వేల కిలోమీటర్లకు మించదు. అయినా బిల్లులన్నీ ముందు వేసుకుని కూడితే, మరమ్మతుల ఖర్చులో సగానికి పైగా ఆ మూడు వేల కిలోమీటర్ల పుణ్యమేనని తేలింది.

బండి సత్తాను తప్పుపట్టలేను. ఎండిన స్వర్ణముఖి ఏటి ఇసుకలో టైర్ల గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, ఆగకుండా ఒకే వేగంతో పోనిస్తే కూరుకుపోకుండా దాటేస్తుంది. కంగారుపడేది నడిపేవాడే. ఒకసారి కూరుకుపోయినప్పుడు క్లచ్‌ను సగం తొక్కిపట్టి ముందుకూ వెనక్కూ ఊపాను. కాసేపటికే మాడు వాసన కొట్టింది. 28 వేల కిలోమీటర్లకే క్లచ్ సెట్టు మార్పించి, ముప్పై వేలకు పైగా చెల్లించాను.

నీళ్లతో వచ్చే నష్టం ఇంతకంటే పెద్దది, పైగా వెంటనే కనిపించదు. పరుగు మీద వేడెక్కిన డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఒక్కసారిగా చల్లటి వాగులో దిగితే, లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వాగులో దిగిన రెండు నెలల తర్వాత నా బండిలో ఆ ఆయిలు తీయిస్తే, నీళ్లు కలిసి మజ్జిగలా వచ్చింది. నాతో వచ్చే మిత్రుడి బండి నా దానికి రెండింతల ఖరీదుది. వాగులో దాని ఇంజను గాలితో పాటు నీటిని కూడా లాగేసుకుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం కనుక, లోపల పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఆగిన బండిని ఆయన మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయబోవడంతో నష్టం మరింత పెరిగింది. పాలసీలో ఇంజను రక్షణ కవరు లేదని బీమా సంస్థ చేతులెత్తేసింది.

మరి ఎందుకు దిగాం? నిజం చెప్పాలంటే, ఒంటరిగా ఉన్న రోజున నేను ఏనాడూ వాగులో దిగలేదు. ఒడ్డున ఎవరో ఒకరు ఫోను పట్టుకుని నిలబడితేనే దిగాను. పాకాల దగ్గర మేకలు కాసే కుర్రవాడు ఒకడు మా అవస్థ అంతా చూసి, "ఆ పక్కన కల్వర్టు ఉండాది కదనా" అన్నాడు. అతనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నిజంగా అవసరపడింది ఒక్కసారే. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయిస్తున్నప్పుడు, మా మేనత్తనూ ఆమె మూటాముల్లెనూ ఇందులోనే తెచ్చుకున్నాను. అప్పుడూ బురదలో నా ముందు ఒక ట్రాక్టరు ఇరవై మందిని ఎక్కించుకుని పోతూనే ఉంది.

శేషాచలం అడవుల్లోకి మాత్రం ఈ సరదాతో పోకండి; అది రక్షిత ప్రాంతం, ఎర్రచందనం కోసం నిఘా ఉండే చోటు.

కొనదలచినవారు ఇంజను రక్షణ కవరు తప్పక తీసుకోవాలి, వాగు దాటిన వారంలోపే డిఫరెన్షియల్ ఆయిలు చూపించాలి, తోడుగా మరో బండి లేకుండా ఇసుకలో దిగకూడదు. నా టైర్లు అరిగిపోయాయి. మిత్రులు నవ్వుతున్నా, వచ్చే నెల మామూలు రోడ్డు టైర్లే వేయిస్తున్నాను.