స్టేషన్‌లో కొట్టు ఎవరిది? డైరెక్టరీ, ఫైలు, పత్రిక, పెద్దల మాట: ఏది మేలు?

మన ఊరి స్టేషన్‌లో వందేళ్ల కిందట పుస్తకాల స్టాలు ఎవరు నడిపారు, టిఫిన్ గది కాంట్రాక్టు ఎవరి చేతిలో ఉండేది అని వెతకడానికి నాలుగు దారులున్నాయి: అచ్చయిన డైరెక్టరీలు, ఆర్కైవ్స్‌లోని రైల్వే ఫైళ్లు, పాత పత్రికలు, ఆ ప్లాట్‌ఫారం మీద బతికిన కుటుంబాల జ్ఞాపకం. ఏది మేలన్నది మీరు ఎవరి కోసం వెతుకుతున్నారన్న దాని మీద ఉంటుంది. పెద్ద కంపెనీ కోసమైతే డైరెక్టరీ చాలు. గంప నెత్తిన పెట్టుకుని ఇడ్లీలమ్మిన మనిషి కోసమైతే అందులో ఎన్ని పేజీలు తిప్పినా దండగే.

పెద్దవాళ్ల సంగతి త్వరగా తేలుతుంది. 1844లో మద్రాసులో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్ దక్షిణాది స్టేషన్లలో పుస్తకాలమ్మింది. ఉత్తరాదిన ఆ పని 1877లో అలహాబాదులో పుట్టిన ఏ.హెచ్. వీలర్ కంపెనీది. భోజనాల గదుల విషయానికొస్తే ఈస్ట్ ఇండియన్ రైల్వేలో కెల్నర్, మన వైపు స్పెన్సర్ పేర్లు పదేపదే తగులుతాయి. వీటి చిరునామాలు, భాగస్థుల పేర్లు 1885 నుంచి వచ్చిన థాకర్స్ ఇండియన్ డైరెక్టరీలో దొరుకుతాయి. చాలా సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే ఉన్నాయి. అయితే డైరెక్టరీలో కనిపించేది ఎక్కువగా హెడ్డాఫీసే. ఫలానా స్టేషన్‌లో వాళ్ల శాఖ ఉందో లేదో దాన్నిబట్టి తేల్చలేం. పాత టైం టేబుల్‌లో భోజనాల గది ఉన్న స్టేషన్లకు గుర్తు వేసేవారు, కానీ ఆ గది ఎవరిదో రాసేవారు కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఒక అంచనా వస్తుంది, అదీ అంచనా వరకే.

సరుకంతా ఉన్నది ఫైళ్లలో. కాంట్రాక్టు ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, ఎవరు ఫిర్యాదు చేశారు, హిందువులకు వేరే, ముస్లింలకు వేరే నీళ్లు పెట్టిన రోజుల్లో ఏ ఏర్పాటు ఎవరికి అప్పగించారు లాంటివి మరెక్కడా ఇంత వివరంగా ఉండవు. కానీ ఫైలు అడగబోయే ముందు, ఆ ఏడాది ఆ స్టేషన్ ఏ కంపెనీ కిందదో తెలియాలి. బెజవాడనే తీసుకోండి. గుంతకల్లు వైపు నుంచి వచ్చిన లైను సదరన్ మరాఠా కంపెనీది. వరంగల్ వైపు నుంచి 1889లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వచ్చి కలిసింది. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ లైను వచ్చింది. 1908లో మద్రాస్ రైల్వే, సదరన్ మరాఠా కలిసి ఎం అండ్ ఎస్‌ఎం అయ్యాయి. 1951లో సదరన్ రైల్వే, 1966లో సౌత్ సెంట్రల్. ఒక్క స్టేషన్ పేరు పట్టుకుని ఇన్ని ఆఫీసుల కాగితాల్లో వెతకాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం రాజ్యానివి అయితే తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్, లండన్‌కు వెళ్లినవాటికి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే జాబితాలు చూసుకోవచ్చు. ఇండెక్సులో ఊరి పేరుతో దొరక్కపోతే ‘రిఫ్రెష్‌మెంట్ రూమ్స్’, ‘వెండర్స్’ అన్న మాటలతో చూడండి. బెజవాడకు, వాల్తేరుకు పాత ఇంగ్లిష్ స్పెల్లింగే వాడాలి. ఓపిక లేనివాళ్లకు ఈ దారి పనికిరాదు.

పత్రికల బలం వేరు. ఒప్పందం కాగితం మీద ఎలా ఉందో ఫైలు చెబితే, కప్పులోకి ఏం వచ్చిందో పత్రిక చెబుతుంది. 1917లో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో వచ్చి, ఆ కష్టమంతా పత్రికలకు ఉత్తరంగా రాశాడు. దారిలో టీ పేరుతో ఇచ్చిన వగరు నీళ్లు, మురికి చక్కెర, పాలని చెప్పి పోసిన తెల్లటి ద్రవం గురించి అందులో ఉంది. అది చూడ్డానికి ఎలా ఉందో తాను చెప్పగలనని, రుచి మాత్రం తోటి ప్రయాణికులు చెప్పిందని విడదీసి రాశాడు. పరిశోధన చేసేవాళ్లు ఈ పద్ధతి నేర్చుకోవాలి: కళ్లతో చూసింది ఏది, విన్నది ఏది అన్నది కలగాపులగం కాకూడదు. అంత వివరంగా రాసిన ఉత్తరంలోనూ ఆ టీ అమ్మినవాడి పేరు లేదు. పత్రికల లోటు అదే. 1902 నుంచి కృష్ణా పత్రిక, 1908 నుంచి ఆంధ్రపత్రిక ఉన్నాయి కాబట్టి స్టేషన్ మీద ఫిర్యాదులు, స్టేషన్ దగ్గరి హోటళ్ల ప్రకటనలు తెలుగులోనే వెతుక్కోవచ్చు. ప్రెస్ అకాడమీ పాత సంచికలు చాలానే స్కాన్ చేయించింది.

ఇక పెద్దల మాట. తేదీల విషయంలో దీన్ని నమ్మలేం. మనుషుల విషయంలో దీనికి సాటి లేదు. ఏ కులంవాళ్లు వండారు, ఎవరు ఎవరికి సబ్ కాంట్రాక్టు ఇచ్చారు, మెయిలు ఆగే నాలుగు నిమిషాల్లో ఎన్ని దొన్నెలు అమ్ముడుపోయేవి, ఇవి ఏ గుమాస్తా రాసిపెట్టలేదు. వెళ్లినప్పుడు కథ ఒక్కటే అడిగి రావొద్దు. లైసెన్సు బిళ్ల, రసీదు, అద్దం ఫ్రేములో ఉన్న ఫొటో చూపించమనండి. బిళ్ల మీద ఎం అండ్ ఎస్‌ఎం అని ఉంటే అది 1908కి ముందుది కాదు, 1951 తర్వాతదీ కాదు. ఎన్.ఎస్.ఆర్. (నిజాం స్టేట్ రైల్వే) అని ఉంటే, అది చాలావరకు నిజాం ప్రభుత్వం 1930లో ఆ రైల్వేను కంపెనీ చేతిలోంచి తీసుకున్న తర్వాతిదే. చిన్న ఇత్తడి ముక్క ఇచ్చే ఈ ఆధారం, ‘మా తాత కాలంలో’ అన్న మాటకు కాలం కడుతుంది.

నన్నడిగితే పెద్దల మాటతోనే మొదలుపెట్టమంటాను, అది మిగతా మూటికన్నా నమ్మకమైనదని కాదు. ఫైలు వచ్చే ఏడాదీ ఆ ర్యాకులోనే ఉంటుంది, పత్రిక స్కాన్లలో ఉంటుంది; ఎనభై దాటిన మనిషి ఉంటాడన్న హామీ లేదు. వాళ్ల దగ్గర ఒక పేరు, ఒక దశాబ్దం దొరికితే ఫైళ్ల గదిలో మీ శ్రమ సగం తగ్గుతుంది. డైరెక్టరీకి చివర్లో ఒక పూట కేటాయిస్తే సరిపోతుంది. ఆ కుటుంబం ‘మా కాంట్రాక్టు గవర్నమెంటు తీసేసుకుంది’ అంటే, ఏ ఏడాదని గట్టిగా అడగండి. రైల్వే భోజనాల ఏర్పాట్లను పరిశీలించిన అళగేశన్ కమిటీ సిఫార్సుల మీద 1955లో రైల్వేలే సొంతంగా క్యాటరింగ్ చేపట్టాయి. వాళ్లు చెప్పే ఏడాది దాని చుట్టుపక్కల ఉంటే, ముందు ఆ కాలపు సదరన్ రైల్వే కాగితాలు తీయించండి.