బ్లాగర్ ఎనిమిదేళ్లు వాడాక: పేరు దగ్గరే దెబ్బతిన్నాను

2016 దసరాకు మా వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది. ఆ మరుసటి నెలలోనే నేను గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో బ్లాగు తెరిచాను. ఆదివారాలు బండేసుకుని తిరిగే గుళ్లు, చెరువులు, మెట్ల బావుల గురించి రాసుకుందామని. కొత్త జిల్లా మోజులో అడ్రస్‌లో 'వరంగల్ అర్బన్' అని పెట్టేశాను. నిండా ఐదేళ్లు కాలేదు, 2021 ఆగస్టులో ఆ జిల్లా హనుమకొండ అయింది. నిన్నటిదాకా వరంగల్ రూరల్ అన్నదేమో వరంగల్ అయింది. నా బ్లాగు ఒక్కటే లేని జిల్లా పేరు మోసుకుంటూ మిగిలింది.

కొత్తవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఇందులో పేరు వేరు, అడ్రస్ వేరు. పేరంటే పైన పెద్దక్షరాల్లో కనబడేది. తెలుగులో రాసుకోవచ్చు, ఎన్నిసార్లు మార్చినా ఏమీ కాదు. అడ్రస్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప ఇంకేమీ పట్టవు. సెట్టింగ్స్‌లో అదీ మారుతుంది గానీ, మార్చగానే పాత లింకులు చచ్చిపోతాయి. ఐదేళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నవన్నీ అలాగే పోయాయి. పాత అడ్రస్‌తోనే ఇంకో బ్లాగు తెరిచి, 'ఇల్లు మారాం, ఇటు రండి' అని ఒక్క పోస్టు పెట్టి కొంత కాపాడుకున్నాను.

రెండోసారి తొందరపడలేదు. మొదట 'ఓరుగల్లు' అనుకున్నాను. ఇంట్లో ముగ్గురి చేతికీ ఫోన్లిచ్చి, 'నేను పేరు చెప్తా, ఇంగ్లిష్‌లో కొట్టండి' అన్నాను. మా ఆవిడ ఓతో మొదలుపెట్టింది, మావాడు డబ్ల్యూతో, తమ్ముడు రెండు ఓలు కొట్టాడు. ఒక్క పేరుకు మూడు స్పెల్లింగులు! హనుమకొండ సంగతి ఇంకా ఘోరం. ఎన్ తర్వాత యూ ఉందా, ఎం తర్వాత ఏ ఉందా అన్నది బోర్డుకో తీరు. చివరికి శివనగర్ బావి మెట్ల మీద కూర్చున్నప్పుడు 'మెట్లబావి' తట్టింది. ఇందులోనూ 'బా'కు ఒక ఏ చాలా, రెండు కావాలా అని పేచీ వచ్చింది. ఒక్క అకౌంట్ మీద 100 బ్లాగుల దాకా తెరవొచ్చు కాబట్టి రెండు స్పెల్లింగులూ తీసేసుకున్నాను. ఒకదాంట్లో రాస్తాను, ఇంకోటి దారి చూపిస్తుంది. సొంత డొమైన్, అంటే మన పేరు మీదే ఉండే వెబ్ అడ్రస్, కొనుక్కోమని చెప్పినవాళ్లున్నారు. ఏటా డబ్బు కట్టాలి, ఒక ఏడు మరిచిపోతే పేరు పోతుంది. నా మతిమరుపు సంగతి నాకు తెలుసు.

ఇక టైమ్ జోన్. నేను తెరిచినప్పుడు అమెరికా పసిఫిక్ టైమ్ పెట్టి ఉంది. నేను చూసుకోలేదు. పెత్రమాస పొద్దున ఏడింటికి ఎంగిలిపూల బతుకమ్మ మీద ఒక పోస్టు పెట్టాను. దాని మీద ముందురోజు తేదీ పడింది. హుజూరాబాద్ నుంచి మా మేనత్త ఫోన్: "ఏంరా, మీ దిక్కు పెత్రమాస ఒకరోజు ముందే వచ్చిందా?" సెట్టింగ్స్‌లో కోల్‌కతా టైమ్ ఎంచుకుంటే సరిపోయింది. అర నిమిషం పని. అక్కడే భాష తెలుగని పెడితే తేదీలూ నెలలూ తెలుగులో వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది.

పోస్టు శీర్షిక తెలుగులో ఉంటే లింకులోకి ఆ అక్షరాలు రావు. 'బ్లాగ్-పోస్ట్' అని, వెనకొక అంకెతో దానంతటదే తయారవుతుంది. పాకాల మీద రాసినా లక్నవరం మీద రాసినా లింకులు అన్నీ కవల పిల్లలే. పబ్లిష్ కొట్టేముందు పర్మాలింక్ (పోస్టు లింకు) దగ్గర కస్టమ్ ఎంచుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఊరి పేరు కొట్టాలి. నాకది తెలిసేసరికి నలభై పోస్టులు అయిపోయాయి. వాటిని అలాగే వదిలేశాను.

ఒక తీరు పోస్టులన్నీ ఒక్కచోట దొరకడానికి తగిలించే లేబుళ్లకు జిల్లాల పేర్లు పెట్టడం ఇంకో తెలివితక్కువ పని. రామప్ప గుడి మీద రాసేనాటికి ఆ గుడి ఉన్న పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చి జనం రామప్ప కోసం వెతుకుతుంటే, నా లేబుల్ ఇంకా భూపాలపల్లిలోనే ఉంది. ఇప్పుడు లేబుల్ అంటే ఊరి పేరే.

అక్షరాల విషయానికొస్తే, 'మండలి' ఫాంట్ పెట్టి వరసల మధ్య దూరం బాగా పెంచాను. ఇంగ్లిష్‌కు సరిపోయే దూరంలో మన వత్తులు కింది వరస గుడిదీర్ఘాలకు తగులుతాయి. ఫోన్‌లో చదివే పెద్దవాళ్లకు అది నరకం. నెలకోసారి బ్యాకప్ దించుకుంటాను. అందులో రాతలుంటాయి, ఫొటోలు ఉండవు, వాటిని వేరే దాచుకోవాలి.

ఇన్నేళ్లలో పైసా కట్టలేదు. తెలుగులో రాసుకునేవాళ్లకు ఇప్పటికీ నేను దీన్నే చెప్తాను.

మొన్న నా మేనకోడలు వంటల బ్లాగు పెడతానంది. పేరు 'సర్వపిండి' అట. "ముందు అమ్మమ్మకు ఫోన్ చేసి, చెప్పి టైప్ చేయించు" అన్నాను. అమ్మమ్మ వీకి బదులు డబ్ల్యూ కొట్టిందట. "ఇంకో పేరు చెప్పు మామా" అని రోజూ మెసేజ్ పెడుతున్నది.